కులపతి రఘుపతి వేంకటరత్నం

సికింద్రాబాదులోని లాలాగూడలో 1893వ సంవత్సరంలో నిజాం రైల్వే కర్మాగారం వెలసింది. ఆవిరి బండ్లకు, పెట్టెలకు మరమ్మతులు చేసే ఆ కర్మాగారంలో పనికి చేరిన యువకుడు తొలినాడే యంత్రాన్ని ముట్టుకోడు. పెద్ద మేస్త్రీ పక్కన నిలబడి, ఆయన చేతి కదలికను చూస్తూ, ఆయన అందించమన్న పనిముట్టును అందిస్తూ, కొన్నేళ్ళకు తానూ మేస్త్రీ అవుతాడు. లాలాగూడకు అల్పదూరంలోనే మరొక విద్యాసంస్థ ఉంది. అది 1862లో సోమసుందరం మొదలియార్ స్థాపించిన మహబూబ్ కళాశాల. 1893 ఫిబ్రవరిలో వివేకానందస్వామి ప్రసంగించిన వేదిక అది. కర్మాగారంలో పని నేర్పే పద్ధతి ఒకటుంది. మరి వందలాది విద్యార్థుల భవిష్యత్తును చేతిలో పెట్టుకొని కళాశాలను నడిపే ప్రిన్సిపాలుకు ఆ పని ఎవరు నేర్పుతారు? ఆ రోజులలో దానికి శిక్షణాలయాలు లేవు, పాఠ్యగ్రంథాలూ లేవు. ఉత్తమ గురువు సన్నిధి ఒక్కటే దానికి బడి. అటువంటి సన్నిధిలో ఆ విద్య నేర్చి, మహబూబ్ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చి, తరువాతి కాలంలో తెలుగుదేశానికి ఆదర్శ విద్యాధికారిగా కీర్తి పొందిన మహనీయుడు రఘుపతి వేంకటరత్నం నాయుడు.

పదివేల మంది శిష్యులకు అన్నవస్త్రాలు సమకూర్చి విద్య గరపే ఆచార్యుని మన పూర్వులు కులపతి అన్నారు. విద్య చెప్పడంతో అతని బాధ్యత తీరదు. శిష్యుని ఆకలి, అనారోగ్యం, నడవడి అన్నీ అతనివే. ఈ బిరుదుకు ఆధునిక కాలంలో అర్హుడైన వ్యక్తిగా తెలుగువారు వేంకటరత్నాన్ని గౌరవించారు.

వేంకటరత్నం 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి అప్పయ్యనాయుడు సైన్యంలో సుబేదారు. దండు ఎక్కడికి కదిలితే కుటుంబం అక్కడికి కదిలేది. అందువల్ల వేంకటరత్నం బాల్యం ఉత్తరదేశంలో గడిచింది. హిందీ, ఉర్దూ, పారశీక భాషలు అక్కడే అలవడ్డాయి. తండ్రికి హైదరాబాదుకు బదిలీ అయిన పిమ్మట ఉన్నత పాఠశాల చదువు ఆ నగరంలో సాగింది. సైనిక కుటుంబపు క్రమశిక్షణ, పలు భాషల పరిచయం, భిన్న మతాలవారితో సహవాసం ఆయనకు పిన్న వయస్సులోనే లభించిన ఆస్తులు.

ఉన్నత విద్యకై ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. దాని ప్రిన్సిపాలు డాక్టర్ విలియం మిల్లర్. స్కాట్లండు దేశీయుడైన మిల్లర్, వేంకటరత్నం పుట్టిన 1862లోనే మద్రాసు వచ్చి, ఒక చిన్న మిషన్ పాఠశాలను దక్షిణ భారతంలోని మేటి కళాశాలలలో ఒకటిగా తీర్చిదిద్దారు. 1882 నాటి భారత విద్యా కమిషన్‌లో సభ్యుడైన మిల్లర్, 1901లో మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. విద్యార్థులను మతం మార్చడం కన్న వారి మనస్సులలో ఉన్నత విలువలు నాటడమే కళాశాల పని అని ఆయన భావించారు. దూరప్రాంతాల నుండి వచ్చినవారికి వసతి గృహాలు నెలకొల్పారు. తరగతి గదిలో ముగిసే చదువు సగం చదువేనని, గురుశిష్యులు కలిసి మెలగినప్పుడే అది పూర్తి అవుతుందని ఆయన నమ్మకం.

ఆ నమ్మకం ఆచరణలో ఎలా ఉంటుందో వేంకటరత్నం దగ్గరగా చూశారు. మిల్లర్ సాన్నిహిత్యం వల్ల ఆయనలో దైవచింతన బలపడింది. అయితే ఆ క్రైస్తవ గురువు శిష్యుడు చేరుకొన్నది క్రైస్తవాన్ని కాదు. విగ్రహాలు, కులాలు లేని బ్రహ్మసమాజం ఆయనను ఆకర్షించింది. గురువు నుండి ఆయన గ్రహించింది మతాన్ని గాక మనిషిని తీర్చే మార్గాన్ని. తన నమ్మకంలో తాను దృఢంగా ఉంటూనే ఎదుటివాని ఎదుగుదలకు చోటివ్వడం ఎలాగో ఆయన అక్కడ తెలుసుకొన్నారు. తరువాతి జీవితమంతా ఈ పాఠం ఆయనను వెన్నంటి వచ్చింది.

ఎం.ఏ. పట్టం పొందిన వేంకటరత్నం అధ్యాపక వృత్తిని స్వీకరించి, మచిలీపట్నంలోని నోబుల్ కళాశాలలో ఆంగ్ల సాహిత్యం బోధించారు. చిన్న వయస్సులోనే భార్య గతించింది. ఆయన తిరిగి వివాహం చేసుకోలేదు. తెల్లని తలపాగా, తెల్లని దుస్తులు ఆయన శాశ్వత వేషమయ్యాయి. కందుకూరి వీరేశలింగం పంతులు సాగించిన సంఘసంస్కరణను తరువాతి తరంలో ముందుకు నడిపినవారిలో ఆయన ముఖ్యులు. ధనికుల ఇండ్లలో శుభకార్యాలకు భోగంమేళాలు పెట్టే ఆచారాన్ని వ్యతిరేకించి, సాంఘిక పవిత్రతోద్యమాన్ని నడిపారు. అటువంటి వేడుకలకు వెళ్ళబోమని యువకుల చేత ప్రతిజ్ఞ చేయించేవారు.

పంతొమ్మిదవ శతాబ్ది ముగిసే వేళకు సికింద్రాబాదు మహబూబ్ కళాశాల బాధ్యత ఆయనపై పడింది. తాను బాలుడిగా నడయాడిన జంటనగరాలకు ప్రిన్సిపాలుగా తిరిగివచ్చారు. సికింద్రాబాదు అప్పటికి బ్రిటిషు దండు ఊరు. సైనికోద్యోగులు, వర్తకులు, లాలాగూడ రైల్వే సిబ్బంది, తెలుగువారు, తమిళులు, మరాఠీలు, ఉర్దూ మాట్లాడేవారు కలిసి బ్రతికే చోటు. తరగతిలో పాఠం చెప్పడం వేరు, సంస్థను నడపడం వేరు. పాలకవర్గాన్ని ఒప్పించాలి, ఉపాధ్యాయులను కూడగట్టుకోవాలి, భిన్న భాషల తల్లిదండ్రుల విశ్వాసం పొందాలి. ఒక విద్యాలయ భారాన్ని తలకెత్తుకోవడం ఎటువంటిదో వేంకటరత్నానికి అనుభవంలోకి వచ్చినది ఈ సికింద్రాబాదులోనే. 1904లో కాకినాడ నుండి పిలుపు వచ్చేనాటికి ఆయన పండిన విద్యాధికారి.

పిఠాపురం జమీందారుల పోషణలో ఉన్న కాకినాడ కళాశాలకు వేంకటరత్నం 1919 వరకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. ఆయన జీవితంలో అత్యంత ఫలవంతమైన కాలం ఇదే. మిల్లర్ వద్ద చూసినదాన్ని తెలుగు నేలకు అనువుగా మలచి ఆయన ఇక్కడ ఆచరించారు. ప్రిన్సిపాలు ఇంటి తలుపులు విద్యార్థులకు తెరిచే ఉండేవి. జీతంలో అధికభాగం పేద విద్యార్థుల ఫీజులకు, పుస్తకాలకు, భోజనాలకు ఖర్చయ్యేది. వందల రూపాయల జీతం అందుకొనే ఉద్యోగి నిరాడంబరంగా బ్రతకడం చూసిన విద్యార్థికి త్యాగాన్ని గురించి వేరుగా ఉపన్యాసం అవసరం లేకపోయింది.

ఆ కాలంలో బాలికలకు ప్రాథమిక విద్యయే గగనం. అటువంటి రోజులలో యువకులతోపాటు యువతులు కూర్చుని చదివే అవకాశాన్ని వేంకటరత్నం ఆ కళాశాలలో కల్పించారు. అంటరానివారని సమాజం దూరంగా నెట్టిన కులాల పిల్లలను చేరదీశారు. తరగతిలో చోటిస్తే చాలదని, తినడానికి తిండి, ఉండడానికి నీడ లేనినాడు ఆ చోటు ఖాళీగానే మిగులుతుందని ఆయనకు తెలుసు. అందుకే వసతి గృహానికీ, అనాథ శరణాలయానికీ పూనుకొన్నారు. కొందరు అనాథ బాలబాలికలను తన ఇంటనే పెంచారు. పలుకుబడి గలవారికి కోపం రాకుండా కాలం వెళ్ళబుచ్చడం అధికారికి సులభమైన దారి. తన పేరు, పదవి రెండూ పణంగా పెట్టి పాత ఆచారాన్ని కదిలించడం కష్టమైన దారి. వేంకటరత్నం రెండవ దారినే ఎంచుకొన్నారు.

ఇన్ని పనులకు ధనం ఎక్కడిది? దానికి సమాధానం ఆయన మరొక శిష్యుడు. పిఠాపురం యువరాజు రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు 1885లో జన్మించి, యుక్తవయస్సు రాగానే సంస్థాన భారం వహించారు. లోకదృష్టిలో ఆయన పోషకుడు, వేంకటరత్నం ఆయన కళాశాలలో ఉద్యోగి. ఆంతర్యంలో మాత్రం ఉద్యోగి గురువు, ప్రభువు శిష్యుడు. గురువు ప్రభావం వల్ల సూర్యారావు బ్రహ్మసమాజ మార్గాన్ని అవలంబించారు. కాకినాడలో బ్రహ్మమందిరానికీ, అనాథ శరణాలయానికీ, నిమ్నకులాల విద్యార్థుల వసతికీ ఉదారంగా విరాళాలిచ్చారు. సూర్యరాయాంధ్ర నిఘంటువు వెనుక ఉన్న రాజపోషణ కూడా ఈయనదే. ధనవంతుని ముందు చేయి చాచి అడగడం, అతని చేతిని సత్కార్యానికి అలవాటు చేయడం వేర్వేరు విద్యలు. ఈ రెండవ విద్యలో వేంకటరత్నం నిపుణులు.

ఆయన శిష్యకోటిలో తెలుగు సాహిత్యానికి వన్నె తెచ్చినవారున్నారు. భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆ సన్నిధిలో బ్రహ్మసమాజపు వెలుగును అందుకొన్నారు. గుడిపాటి వేంకటచలం కూడా కాకినాడలో చదివే రోజులలో వేంకటరత్నం వ్యక్తిత్వానికి ముగ్ధుడై బ్రహ్మసమాజంలో చేరారు. తరువాత చలం తన దారి తాను వెతుక్కొన్నారు. స్త్రీపురుష సంబంధాలను గురించి ఆయన వ్రాసినవి గురువు బోధించిన పవిత్రతా నియమాలకు ఎంతో దూరమైనవి. అయినా ఆచారాన్ని ప్రశ్నించే ధైర్యానికి తొలి అంకురం ఆ కళాశాలలోనే పడింది. తన అచ్చులో పోతపోసిన బొమ్మలను తయారుచేయడం ఉత్తమ గురువు లక్షణం కాదు. సొంత కాళ్ళపై నిలబడి, అవసరమైతే తనతోనే విభేదించగల మనుషులను తయారుచేయడంలోనే అతని గొప్పతనం ఉంది.

వేంకటరత్నం చేసిన పనులన్నిటినీ నేటివారు ఒకే విధంగా చూడరు. భోగంమేళాల బహిష్కారం ఒక దురాచారాన్ని సడలించిన మాట నిజమే. కాని, ఆ స్త్రీల జీవనోపాధికి దెబ్బ తగిలిందని, వారు తరతరాలుగా కాపాడిన సంగీత నృత్య కళలు చిన్నచూపునకు గురయ్యాయని తరువాతి పరిశీలకులు గుర్తించారు. మహనీయుల జీవితాన్ని చదివేటప్పుడు వారి సేవనూ, ఆ సేవ పరిమితులనూ కలిపి తెలుసుకోవడమే వివేకం.

కాకినాడ నుండి విరమించిన పిమ్మట ఆయన కీర్తి మరింత పెరిగింది. 1924లో ప్రభుత్వం సర్ బిరుదునిచ్చింది. 1925లో ఆయన మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవిని స్వీకరించారు. ఒకనాడు గురువు మిల్లర్ అధిష్ఠించిన పీఠమే అది. 1923లో ఎనభై అయిదేళ్ళ వయస్సులో కన్నుమూసిన గురువు ఈ శుభఘడియను చూడలేకపోయారు.

ఆ పదవిలో ఆయనకు ఒక సున్నితమైన సందర్భం ఎదురైంది. తెలుగువారి చిరకాల వాంఛితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో అవతరించింది. దానితో తెలుగు జిల్లాల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం నుండి విడివడ్డాయి. వేంకటరత్నం పదునైదేళ్ళు పెంచిన కాకినాడ కళాశాల కూడా వాటిలో ఒకటి. కొత్త విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి. ఆయన కూడా మిల్లర్ కాలంలో మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినవారే. ఈ విధంగా రెండు విశ్వవిద్యాలయాలను ఒకే సమయంలో ఒకే విద్యాలయం నుండి వచ్చిన ఇద్దరు తెలుగువారు నడిపారు. 1927లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వేంకటరత్నానికి గౌరవ డాక్టరేటునిచ్చి సత్కరించింది. తల్లి విశ్వవిద్యాలయపు అధిపతికి పిల్ల విశ్వవిద్యాలయం చేసిన పాదపూజ అది.

ఈ పరంపర అక్కడితో ఆగలేదు. రామలింగారెడ్డి 1930లో పదవిని విడిచిన తరువాత 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయ పగ్గాలు చేపట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థియే. 1936లో రామలింగారెడ్డి తిరిగివచ్చి 1949 వరకు ఆ సంస్థను నడిపారు. ఆయన తరువాత వచ్చిన వాసిరెడ్డి శ్రీకృష్ణ ఆ విశ్వవిద్యాలయంలోనే అధ్యాపకుడిగా ఎదిగినవారు. ఒక దీపం నుండి మరొక దీపం వెలిగినట్లు విద్యాధికారులు విద్యాధికారుల నుండి తయారయ్యారు.

1928లో ఉపకులపతి పదవీకాలం ముగిసింది. వేంకటరత్నం శేషజీవితాన్ని ప్రార్థనలోనూ, సేవలోనూ గడిపి, 1939 మే 26వ తేదీన పరమపదించారు. ఎంతో సంపాదించినా తనకంటూ నిలువచేసుకొన్నది స్వల్పం. ఆయన వెచ్చించిన ధనం విద్యార్థుల బ్రతుకులలో కలిసిపోయింది.

నేడు కళాశాలల అధిపతులకు పరిపాలన నేర్పడానికి శిక్షణ కేంద్రాలున్నాయి. నియమావళి, లెక్కలు, ప్రణాళికలు అక్కడ నేర్చుకోవచ్చు. అవి అవసరమే. కాని, ఫీజు కట్టలేక గుమ్మం దగ్గర తలవంచుకొని నిలబడిన పిల్లవాణ్ణి ఏమి చేయాలో ఏ నియమావళి చెప్పగలదు? ఆ క్షణంలో ఏమి చేయాలో తెలిసిన పెద్ద ఒకరి పక్కన కొంతకాలం నిలిచినవాడే ఆ పాఠాన్ని నేరుస్తాడు. లాలాగూడ కర్మాగారంలో చేతిపని ఎలా ఒకరి నుండి ఒకరికి అందిందో, మిల్లర్ నుండి వేంకటరత్నానికి, వేంకటరత్నం నుండి ఆయన శిష్యులకు ఈ విద్య అలాగే అందింది. దానిని అందుకొనేవారూ, అందించేవారూ ఉన్నంతకాలం కులపతి అన్న మాటకు అర్థం నిలిచి ఉంటుంది.