ఫుట్‌బాల్ గురువు రహీం సాహెబ్

జట్టు ఓడిపోగానే కోచ్‌ను మార్చాలనే మాట మన మలేషియాలో ఏ కాఫీ కొట్టులో కూర్చున్నా వినిపిస్తుంది. పాఠశాల జట్టయినా అంతే, కళాశాల జట్టయినా అంతే, దేశం జట్టయినా అంతే. ఒకే ఆటలో పది గోల్స్ ఇచ్చుకున్న జట్టుకు కోచ్‌గా ఉండి, సరిగ్గా పదేళ్ళకు అదే దేశాన్ని మళ్ళీ ఆసియా విజేతగా నిలబెట్టిన ఒక బడిపంతులు కథ మన పిల్లలకు తెలియడం అవసరమనిపించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదులో అందరికీ రహీం సాహెబ్.

మన తాతముత్తాతలు ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుండి ఓడ ఎక్కినవారు. వారికి హైదరాబాదు నిజాం ప్రభువు ఏలుబడిలోని పరాయి రాజ్యమే. అందువల్లనే కాబోలు, ఆ నగరం ఫుట్‌బాల్‌కు పెట్టిన పేరని మన ఇండ్లలో ఎవరూ చెప్పుకోలేదు. రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17న ఆ హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టులో ఆడారు. పట్టా పుచ్చుకున్నాక ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులలో పిల్లలకు పాఠాలు చెప్పారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నారు. ఆటగాడిగా ఆయనకు పెద్ద పేరేమీ రాలేదు. ఆయన ప్రజ్ఞ అంతా నేర్పడంలో ఉంది.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బాధ్యత ఆయన చేతికి వచ్చింది. ఆ రోజుల్లో భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తా. అటువంటిది, ఈ పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 దాకా వరుసగా అయిదుసార్లు ఎత్తుకుపోయింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో రహీం సాహెబ్ శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది.

ఆ మరుసటి ఏడే హెల్సింకి వచ్చి పడింది. 1952 ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 10-1తో ఓడిపోయింది. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. చలి దేశం, తడిసిన పచ్చిక, ఎదుట బూట్లు తొడిగిన బలిష్ఠులు. ఓటమికి కారణం వట్టికాళ్ళేనని అందరూ ఒక్క మాటలో తేల్చారు. ఆ తరువాత బూట్లు తప్పనిసరి చేశారు. అది అవసరమే, కాదనను. కానీ బూట్లు తొడిగినంత మాత్రాన తొమ్మిది గోల్స్ తేడా తీరుతుందా? 1948లో లండన్‌లో ఇదే వట్టికాళ్ళతో ఫ్రాన్సు మీద ఆడి, రెండు పెనాల్టీలు పోగొట్టుకుని కూడా 2-1తోనే కదా ఓడారు! లోపం పాదాలలో కన్నా ఆట తీరులో ఎక్కువగా ఉంది. మనవాడి కాలికి బంతి అందితే నలుగురిని తప్పించి చప్పట్లు కొట్టించుకోవాలని చూసేవాడు. ఐరోపా వారు బంతిని ఒక చోట నిలవనిచ్చేవారు కారు.

ఈ అలవాటు పెద్దవాళ్ళకు మాన్పించడం కష్టం. బడిపంతులుకు ఆ సంగతి తెలుసు. అందుచేత రహీం సాహెబ్ పిల్లల దగ్గర మొదలుపెట్టారు. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి కూడా ఆయనే కావడం కలిసివచ్చింది. డ్రిబ్లింగు చేయకూడదనే నిబంధనతో పోటీలు పెట్టించారు. చేతకాని కాలితోనే తన్నాలని ఇంకొక పోటీ. ఎత్తు ఇంత మించని బాలురకు మరొకటి. చూసినవారికి ఇవి తమాషాగా తోచి ఉండవచ్చు. ఆ పోటీలలో ఆడిన కుర్రవాడికి మాత్రం బంతి రాకముందే ఎవరికి అందించాలో చూసుకోవడం అలవడేది. 1953లో వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో కూలదోసిన హంగేరీ వారు సెంటర్ ఫార్వర్డును వెనక్కు లాగి ఆడించారు. ఆ పద్ధతిని కూడా ఆయన శ్రద్ధగా గమనించి మనవాళ్ళకు తగినట్టు మలిచారు.

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే బీద కుర్రవాడు ఆయన కంటపడ్డాడు. సాధనకు రావడానికి దారి ఖర్చు లేదంటే, సైకిలు అద్దెకు డబ్బు తానే ఇచ్చి రప్పించుకున్నారు. ఆ బలరాం రెండు ఒలింపిక్స్‌లో ఆడాడు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హైదరాబాదు దానికి రాజధాని అయింది. సరిగ్గా నెలకు, డిసెంబరు 1న, మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ చేశాడు. సెమీఫైనల్లో ఎదురైనది మళ్ళీ యుగోస్లావియా. సగం ఆట దాకా ఎవరికీ గోల్ లేదు, ఆపైన మొదటి గోల్ భారత్‌దే. చివరకు 4-1తో ఓడారు. నాలుగేళ్ళ క్రిందట పది ఇచ్చుకున్న దేశం మీద! మూడవ స్థానం కోసం బల్గేరియా మీద ఆడి అదీ పోగొట్టుకుని నాలుగవ స్థానంలో నిలిచారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అంతకు మించి ఎన్నడూ పోలేదు.

ఇక 1962. మనకు పొరుగున ఉన్న జకార్తా. అప్పటికి రహీం సాహెబ్ ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుతున్నారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తరువాత థాయ్‌లాండ్ మీద గెలిచారు గాని, బ్యాక్‌గా ఆడే జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతనిని కూర్చోబెట్టేవారు. రహీం సాహెబ్ కట్టుతోనే సెంటర్ ఫార్వర్డుగా దింపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2 విజయంలో ఒక గోల్ అతనిది. అవతలి సెమీఫైనల్లో మన మలయా జట్టు 2-1తో కొరియాకు లొంగి, తరువాత కంచు పతకం తెచ్చుకుంది.

సెప్టెంబరు 4న ఫైనల్. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానివ్వనందుకు ఒక భారతీయ క్రీడాధికారి అభ్యంతరం చెప్పడంతో జకార్తా ప్రజలు భారత్ మీద ఆగ్రహంగా ఉన్నారు. స్టేడియమంతా ఎదురు పక్షమే. అంతటి గోలలో పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టగా, మొదటి ఆటలో ఓడించిన కొరియాను భారత్ 2-1తో గెలిచింది.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం సాహెబ్ కన్నుమూశారు. వయసు 53.

ఆయన పద్ధతిని నిలిపే పాఠశాల ఒకటి అప్పుడే ఎందుకు కట్టలేదో నాకు అర్థం కాదు. 1960 రోమ్ తరువాత భారత్ ఒలింపిక్ ఫుట్‌బాల్‌కు అర్హత పొందలేదు. ఆ రోమ్ జట్టులో ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. ఆసియా క్రీడలలో చివరి పతకం 1970లో బ్యాంకాక్‌లో వచ్చిన కంచు. ఆనాటి కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, హైదరాబాదు సిటీ పోలీసు జట్టులో ఆట మొదలుపెట్టినవాడు.