మెస్సర్‌ష్మిట్ అమ్మిన బాణం

విమానాల పిచ్చి ఉన్నవాళ్లకి విల్లీ మెస్సర్‌ష్మిట్ పేరు కొత్త కాదు. 33 వేలకు పైగా తయారైన బీఎఫ్ 109 ఫైటర్, యుద్ధంలోకి దిగిన తొలి జెట్ ఫైటర్లలో ఒకటైన ఎంఇ 262 ఆయన కంపెనీవే. అయితే ఆయన జీవితంలో మనం పెద్దగా చెప్పుకోని ముక్క ఇంకోటుంది. అది ఒక శిక్షణ జెట్ కథ.

ఆయన 1898 జూన్ 26న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో, వైన్ వ్యాపారి ఇంట పుట్టాడు. కుర్రతనంలోనే ఫ్రీడ్రిష్ హార్త్ అనే ఆర్కిటెక్ట్‌తో కలిసి గ్లైడర్లు కట్టాడు. మ్యూనిక్‌లో ఇంజనీరింగ్ చదివి, 1923లో సొంత కంపెనీ పెట్టేశాడు. అనవసరమైన బరువు ఒక్క గ్రాము కూడా ఉండకూడదన్నది ఆయన పట్టుదల.

ఆ తెలివి నాజీలకి పనికొచ్చింది, వాళ్ల అధికారం ఆయనకి పనికొచ్చింది. యుద్ధకాలంలో ఫ్లోసెన్‌బుర్గ్, గూసెన్ లాంటి నిర్బంధ శిబిరాల్లోని ఖైదీల చేత ఆయన కంపెనీ విమాన భాగాలు చేయించింది. ఆకలితో, దెబ్బలతో అక్కడ వేలమంది చనిపోయారు. 1948లో విచారణ జరిగింది. నాజీల వెంట నడిచినవాడు అనే తేలికపాటి ముద్ర వేసి వదిలేశారు.

ఓడిన జర్మనీలో విమానాలు తయారుచేయడం 1955 దాకా నిషేధం. దాంతో ఆయన ఫ్యాక్టరీ రెడీమేడ్ ఇళ్లు, కుట్టుమిషన్లు, మూడు చక్రాల బుల్లి కార్లు చేసింది. కానీ మనసంతా విమానం మీదే. అందుకే 1950ల మొదట్లో స్పెయిన్ వెళ్లి, సెవిల్‌లోని హిస్పానో కంపెనీలో డిజైన్ పనిలో పడ్డాడు. అలా పుట్టిందే హెచ్ఏ-200 సయెతా. స్పానిష్‌లో ఆ మాటకి బాణం అని అర్థం. 1955 ఆగస్టు 12న మొదటిసారి ఎగిరింది. ముందొకరు, వెనకొకరు కూర్చునే రెండు సీట్లు. ముక్కు భాగంలో పక్కపక్కనే రెండు చిన్న ఫ్రెంచ్ మార్బోరే జెట్ ఇంజన్లు.

అప్పట్లో చాలా దేశాలు కొత్తగా వైమానిక దళాలు కట్టుకుంటున్నాయి. ప్రొపెల్లర్ విమానం నేర్చిన పైలట్‌ని నేరుగా జెట్ ఫైటర్‌లో కూర్చోబెడితే ప్రాణాల మీదికొస్తుంది. మధ్యలో ఒక మెట్టు కావాలి. ఆ మెట్టే శిక్షణ జెట్. ఆయుధాలు తగిలిస్తే తేలికపాటి దాడికీ పనికొస్తుంది. అందుకే పోటీ గట్టిగా ఉండేది. అవే మార్బోరే ఇంజన్లతో ఫ్రాన్స్ చేసిన మాజిస్టర్, చెకొస్లొవేకియా ఎల్-29 ఎన్నో దేశాలకి వెళ్లాయి. సయెతాకి అంత మార్కెట్ దొరకలేదు.

దొరికిన కొనుగోలుదారు మాత్రం మామూలోడు కాదు: నాసర్ ఈజిప్టు. పది విమానాలు కొని ఊరుకోలేదు, తయారుచేసే లైసెన్సు కూడా తీసుకుంది. కైరో దగ్గర హెల్వాన్‌లో అదే విమానం అల్ కాహిరా పేరుతో బయటికొచ్చింది. అరబ్బీలో కైరో నగరం పేరే అది. కొన్న విమానం ఏదో ఒకరోజు మూలపడుతుంది; ఫ్యాక్టరీలో చేతులకి అబ్బిన పని మిగులుతుంది. బేరంలో అసలు విలువ అక్కడుంది.

ఆ దారిలోనే ఆయన మొదలుపెట్టిన హెచ్ఏ-300 అనే సూపర్‌సోనిక్ ఫైటర్ కూడా స్పెయిన్ నుంచి ఈజిప్టు చేరింది. 1964 మార్చి 7న హెల్వాన్‌లో దాన్ని మొదటిసారి ఎగరేసింది మన వైమానిక దళం టెస్ట్ పైలట్ కపిల్ భార్గవ! డబ్బు చాలక 1969లో ఆ ప్రాజెక్టు ఆగిపోయింది.

ఈలోగా మెస్సర్‌ష్మిట్ జర్మనీలో మళ్లీ పెద్దమనిషయ్యాడు. విలీనాల తర్వాత ఏర్పడిన ఎంబీబీ కంపెనీకి కూడా ఆయన పేరే ముందు పెట్టారు. 1978 సెప్టెంబర్ 15న మ్యూనిక్‌లో పోయాడు.

ఈయన్ని మెచ్చుకోవాలా, అసహ్యించుకోవాలా? డిజైన్ చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. గూసెన్ గుర్తొస్తే ఆ చేతులు దిగిపోతాయి. ఆయన నైపుణ్యానికి ప్రతి దేశంలోనూ కొనేవాళ్లు దొరికారు. రేపు మన నైపుణ్యానికీ దొరుకుతారు. ఆఫర్ లెటర్‌లో ముందు ప్యాకేజీ చూస్తాం, తప్పులేదు. ఆ పని ఎవరి కోసం, ఎవరి చేతులతో జరుగుతోందో కూడా ఓసారి చూద్దాం.