సామర్లకోట తోటలో రాక్స్‌బర్గు

మాచెర్ల దాటి నల్లమల వైపునకు సాగు పల్నాటి మెట్టలమీద ఎండకును, రాతినేలకును ఓర్చి యేండ్ల తరబడి నిలుచు వృక్షములు పెక్కు కలవు. వానికి నీరు పోయువారు లేరు. అయినను ఏటేట చిగిర్చుచునే యుండును. తెలుగునాటి అడవులలో పెరుగు సోమి, నారేప, బిల్లు, తునికి చెట్లను శాస్త్రరీతిని వర్ణించి లోకమునకు తెలిపినవాడు విలియం రాక్స్‌బర్గు.

రాక్స్‌బర్గు 1751లో స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున జాన్ హోప్ అను ఆచార్యునికడ వృక్షశాస్త్రము నేర్చి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా చెన్నపట్టణము చేరెను. 1781లో సామర్లకోటకు వచ్చి, అచ్చట తోట వేసి, మిరియము, కాఫీ, దాల్చిన, నీలి మొదలగు మొక్కలను పెంచి పరీక్షించెను. లిన్నేయసు శిష్యుడగు కోనిగ్ పండితుడు ఆయనకు మిత్రుడు. ఆ పండితుడు 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున మరణించెను.

1787లో గోదావరి తీరమును పెనుతుఫాను ముంచెత్తెను. రాక్స్‌బర్గు ఏండ్లకొలది సేకరించిన యెండు మొక్కలు, గ్రంథములు, వ్రాతప్రతులు నీటిపాలయ్యెను. మరియొకడైనచో అంతటితో విరమించియుండును. ఆయన మాత్రము మరల అడవులు తిరిగి, తొలినుండి పని మొదలిడెను. పిమ్మట 1789 మొదలు 1792 వరకు వానలు లేక ఉత్తర సర్కారులందు ఘోరమైన కరవు వచ్చి, లెక్కకు మిక్కిలిగ జనులు మరణించిరి. ఆ దుఃస్థితిని కన్నులార చూచిన ఆయన, వరి యొక్కటే నమ్ముకొనరాదనియు, కొబ్బరి, పనస, అరటి వంటివి విరివిగా నాటవలెననియు పాలకులకు సూచించెను. తోటపని ఆయనకు వినోదము కాదు. ఆకలికి వెదకిన మందు.

ఆయన స్థానిక చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించెను. 1794 నాటికి సుమారు 500 చిత్రములు లండను చేరెను. వానినుండి ఎన్నిన 300 చిత్రములు కోరమండల్ తీరపు మొక్కలను గూర్చిన మూడు సంపుటములుగా 1795 మొదలు 1820 లోపల వెలువడెను. వర్ణనలతోపాటు తెలుగు పేళ్లను గూడ ఆయన శ్రద్ధతో చేర్చెను. ఆ బొమ్మలు వ్రాసిన చేతుల పేళ్లు మాత్రము ఆ పుటలకు ఎక్కలేదు. చెట్టుపేరు చెప్పిన పల్లెవారి పేళ్లును నిలువలేదు.

అయినను వారి మాట యొకటి నిలిచినది. జ్వరమునకు సోమిచెక్క గుణము నిచ్చునని యెరిగి, రాక్స్‌బర్గు దానిని సింకోనాతో పోల్చి పరీక్షించి 1793లో ప్రకటించెను. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టుజాతికి తెలుగు పేరునుండియే సోయ్‌మిడా అని నామకరణము చేసిరి.

1793లో రాక్స్‌బర్గు కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియై వెడలెను. ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలి, 1815లో ఎడింబరోలో మరణించెను. ఆయన మహాగ్రంథము ఫ్లోరా ఇండికా ఆయన మరణానంతరమే, విలియం కేరీ చేతిమీదుగా శ్రీరాంపురమున వెలువడెను.

నేడు పల్నాటి పాఠశాలలో ఒక బాలుడు చెట్టును చూపి పేరడిగినచో, ఉపాధ్యాయుడు తెలుగు పేరునే మొదట చెప్పవలెను. రాక్స్‌బర్గు శాస్త్రమును ఆ పేరునుండియే ఆరంభించెను.