సన్యాసి నుండి సైంటిస్టు – స్వామి జ్ఞానానంద గారి జీవితం

ఈ నెల మహనీయుల జీవితం రాసే వంతు నాకు వచ్చింది. మన సైన్సు సారు ఒక పేరు చెప్పారు. ఆ పేరు నేను ముందు ఎప్పుడూ వినలేదు. మీరు కూడా విని ఉండరని రాస్తున్నాను.

మన భద్రాచలం దగ్గర పారే గోదావరి నీళ్ళే కింద ధవళేశ్వరం దగ్గర కాలువల్లోకి మళ్ళి పశ్చిమ గోదావరి పొలాలకు పోతాయి. ఆ జిల్లాలో భీమవరం దగ్గర గొరగనమూడి అనే ఊరు ఉంది. అక్కడ 1896 డిసెంబరు 5న భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు గారు జన్మించారు. ఆయన మనసు ధ్యానం మీద ఉండేది. ఇల్లు విడిచి హిమాలయాలకు పోయి ఏళ్ళ తరబడి తపస్సు చేశారు. స్వామి జ్ఞానానంద అని పేరు వచ్చింది.

1927లో ఆయన జర్మనీ వెళ్ళారు. అక్కడ యోగం గురించి ఉపన్యాసాలు ఇచ్చారు. అప్పటికి ఆయనకు 30 ఏళ్ళు. ఆ వయసులో మన ఊళ్ళల్లో అయితే చదువు మాట ఎవరూ ఎత్తరు. కానీ ఆయన లెక్కలు, భౌతిక శాస్త్రం మళ్ళీ మొదలుపెట్టి చదివారు. తర్వాత ప్రాగ్ నగరంలో చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్ కిరణాల మీద పరిశోధన చేసి 1936లో డాక్టరేటు పొందారు. అంటే దాదాపు 40 ఏళ్ళకు! ఎనిమిదిలో ఒకసారి తప్పితే ఇంక బడి వద్దు అనేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాలి.

అంతటితో ఆగలేదు. ఇంగ్లాండులో లివర్‌పూల్ పోయి జేమ్స్ చాడ్విక్ గారి దగ్గర చేరారు. చాడ్విక్ అంటే 1932లో న్యూట్రాన్ కనిపెట్టి, 1935లో నోబెల్ బహుమతి పొందిన ఆయనే. మన పుస్తకంలో ఉన్నారు కదా! అక్కడ స్వామీజీ బీటా కిరణాల మీద పని చేసి ఇంకో డాక్టరేటు తీసుకున్నారు.

బీటా కిరణాలు అంటే ఏంటి? కొన్ని పరమాణువుల కేంద్రకం నుండి బయటికి దూకే ఎలక్ట్రాన్లు. వాటి శక్తిని కొలవడానికి అయస్కాంతం పెడతారు. మనం గ్రౌండులో పరిగెత్తేటప్పుడు మెల్లగా పోయేవాళ్ళు వేపచెట్టు దగ్గరే తిరుగుతారు, జోరుగా పోయేవాళ్ళు దూరంగా తిరుగుతారు. అట్లాగే మెల్లగా పోయే ఎలక్ట్రాన్ ఎక్కువ వంగుతుంది, జోరుగా పోయేది తక్కువ వంగుతుంది. ఆ వంపు కొలిస్తే దాని శక్తి తెలుస్తుంది. ఇప్పుడు పెద్ద పెద్ద యంత్రాల్లో కూడా కణాలను కొలవడానికి ఈ వంపే ఆధారం.

ఇంకో చిక్కు ఉంది. శ్రీరామనవమి నాడు భద్రాచలంలో కల్యాణం జనంలో మనం తిన్నగా నడవగలమా? ఎలక్ట్రాన్‌కి గాలి అట్లాంటి జనమే. అందుకని ప్రయోగం చేసే గొట్టంలో గాలి అంతా లాగేయాలి. ఆ పని ఎట్లా చేయాలో స్వామీజీ ఇంగ్లీషులో పెద్ద పుస్తకం రాశారు. అది 1947లో న్యూయార్కులో అచ్చయింది. అంతకుముందు ఆయన అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయంలో కూడా పని చేశారు.

1947లో దేశానికి తిరిగి వచ్చి ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో పని చేశారు. 1954లో విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి కేంద్రక భౌతిక శాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. తెలుగు పిల్లలు విదేశం పోకుండానే ఆ పరిశోధన చేసే వీలు కలిగింది. 1969 సెప్టెంబరు 21న ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు నా మాట. పోయిన ఎండాకాలం తునికాకు కోసేటప్పుడు మా నాయిన ఒక మాట అడిగాడు. పది దాకా హాస్టల్లో అన్నం పెడతారు, ఆ తర్వాత ఎవరు పెడతారు అని. నేను జవాబు చెప్పలేదు. మా ఊరి అక్క ఒకామె ఇట్లాగే పది తర్వాత మిరపకాయ కోతకు పోయింది. ఆమె లెక్కల్లో నాకంటే చురుకు.

సారుని అడిగితే చెప్పారు. చాడ్విక్ గారి నాయిన నూలు మిల్లు కూలి అట. ఆయన 1913లో స్కాలర్‌షిప్ డబ్బుతోనే బెర్లిన్ పోయి, 1914లో బీటా కిరణాల గురించి పెద్ద విషయం కనిపెట్టారు. ఒకే పరమాణువు నుండి వచ్చినా ఆ ఎలక్ట్రాన్లకు ఒకే శక్తి ఉండదని తేలింది. మిగతా శక్తి ఎటు పోతుందో అని ఆలోచించే 1930లో పౌలీ అనే సైంటిస్టు కంటికి దొరకని ఇంకో కణం ఉండాలని చెప్పారు. అదే న్యూట్రినో. 1956లో అది దొరికింది. ఒక కూలి కొడుకుకి ఇచ్చిన స్కాలర్‌షిప్ ఎంత దూరం పోయిందో చూడండి.

మన దేశంలో కూడా పి.జి. అయ్యాక నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. వస్తే పిహెచ్.డి. చదువుకి డబ్బులు ఇస్తారు. 2023 జనవరి నుండి అది నెలకు 37 వేలు. గిరిజన విద్యార్థులకు విడిగా ఏడాదికి 750 మందికి ఫెలోషిప్‌లు ఉన్నాయి. అంటే చదువుకోవడమే పని, దానికే జీతం. దారి పొడుగే. పది, ఇంటర్, డిగ్రీ, పి.జి. దాటాలి. కానీ దారి ఉందని తెలియక ఆగిపోవద్దు.

ఈ దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా నాయినకు ఈ జవాబు చెప్తాను. ఆ అక్కకి కూడా చెప్తాను. ఆమెకు ఇంకా 18 ఏళ్ళే.

తప్పులుంటే మన్నించగలరు.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని