అప్పుల సంస్థానంలో ఇరువది నాలుగేండ్ల దివాను

1853 మే నెలాఖరున హైదరాబాదు దివాను పదవి మీర్ తురాబ్ అలీఖాను అను ఇరువది నాలుగేండ్ల యువకునికి లభించినది. చరిత్రలో మొదటి సాలార్‌జంగు అని ప్రసిద్ధి కెక్కినవాడు ఈయనయే. అంతవరకు దివానుగా ఉన్న ఆయన తండ్రి సోదరుడు సిరాజుల్‌ముల్కు మరణించుటచే ఆ పదవి ఖాళీ అయినది. ఆ మరణానికి కొద్ది దినములకు ముందే, కంటింజెంటు సైన్యపు ఖర్చుల బాకీ క్రింద బీరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివ ప్రాంతం ఇంగ్లీషు కంపెనీ వశమైనవి. సారవంతమైన ప్రత్తి భూములు ఆ విధంగా చేయి జారినవి. యువకునికి దక్కినది పదవి కంటె పద్దు అనుట సమంజసం.

మిగిలిన రాజ్యమైనా పూర్తిగా ప్రభుత్వం చేతిలో లేదు. శిస్తు వసూలు గుత్తకు పోయెడిది. గుత్త పుచ్చుకొన్నవానినే తాలూక్‌దారు అనెడివారు. రైతు వద్ద అతడు ఎంత రాబట్టునో, ఖజానాకు ఎంత చేరునో అడుగువాడు లేడు. అరబ్బు, రొహిల్లా సైనిక నాయకులు, సాహుకార్లు ప్రభుత్వానికి అప్పులిచ్చి తాలూకాలనే తాకట్టు పట్టియుండిరి. జీతం పుచ్చుకోవలసిన సైనికుడే యజమానికి ఋణదాత అయినచోట ఆజ్ఞ చెల్లుటెట్లు?

పాఠశాలలు, న్యాయస్థానాలు, పోలీసు, బాటలు—లేనివన్నీ అవసరమైనవే. కొత్త దివాను ముందుగా పట్టుకొన్నది మాత్రం అప్పుల చిట్టా. పందొమ్మిదవ ఏట ఎనిమిది నెలలు తెలంగాణలో కొన్ని తాలూకాల పాలన నడపిన అనుభవం ఆయనకున్నది. తాకట్టు విడిపించనిదే శిస్తు రాదు. శిస్తు రానిదే ఉద్యోగికి నెలజీతం లేదు. జీతం లేని ఉద్యోగి మరల రైతు మీదనే పడును. ఆయన పనుల వరుసను చూచినవారికి ఈ లెక్కయే కనబడును. ఒక్కొక్క తాలూకానే విడిపించుకొంటూ వచ్చినాడు. అరబ్బులు తమ బాకీలను బలంతో వసూలు చేసుకొను అలవాటును మాన్పించి, కచేరీలో దావా వేసుకొను మార్గానికి తిప్పినాడు. పలుచోట్ల పలు విధాలుగా ముద్రింపబడుచున్న నాణెముల స్థానంలో రాజధాని టంకశాల నుండి హాలీ సిక్కా వెలువడినది.

చదువు ఒక్కటి ఈ వరుసకు లొంగలేదు. ఖజానా ఇంకను కుదుటపడని 1855 ప్రాంతంలోనే దారుల్ ఉలూం విద్యాలయం వెలసినది. రేపటి కచేరీలకు వ్రాయసగాండ్రు ఎక్కడినుండి వత్తురన్న చింత కొంత ఉండియే ఉండును.

1857లో ఆయన ఇంగ్లీషువారి పక్షం వహించినాడు. ఆ జులై 17న తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను నాయకత్వంలో రెసిడెన్సీపై జరిగిన దాడి విఫలమైనది. ఈ నిర్ణయాన్ని మెచ్చినవారు కలరు, క్షమింపనివారు కలరు. 1859లో ఒకమారు, 1868లో మరొకమారు ఆయనపై తుపాకి పేలినది. రెండు పర్యాయాలూ బ్రతికి బయటపడినాడు. దానికి దక్కిన ప్రతిఫలం మాత్రం పద్దులోనే కనబడును. 1860లో రాయచూరు అంతర్వేది, ధారాశివ తిరిగి వచ్చినవి. ఏబది లక్షల ఋణం రద్దయినది. బీరారు రాలేదు.

పదవికి వచ్చిన పండ్రెండేండ్లకు, 1865లో, జిలాబందీ జరిగినది. రాజ్యం జిల్లాలుగా, జిల్లాలు తాలూకాలుగా ఏర్పడినవి. తాలూకాకు తహసీల్దారు వచ్చినాడు. జిల్లా అధికారికి తాలూక్‌దారు అను పాత పేరునే ఉంచినారు. పేరు మారలేదు గాని మనిషి మారినాడు: గుత్తదారు పోయి జీతగాడు వచ్చినాడు. గుత్తదారులనే ఒక్కసారిగా తొలగించి మొదటి సంవత్సరమే ఈ పని తలపెట్టియున్నచో జీతాలకు ధనం ఎక్కడిది? ధాన్యభాగం స్థానే నగదు శిస్తు వచ్చినది. అది ఖజానాకు సుఖమే గాని, ధర పడిపోయిన ఏట రైతుకు సుఖమని చెప్పరాదు. 1868లో న్యాయం, మాల్గుజారీ, పోలీసు మున్నగు శాఖలకు సదరుల్‌మహాములు ఏర్పడిరి. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు నడచినది.

ఆయన ముట్టనివి కూడ లెక్కలోనివే. ఈ సంస్కరణలన్నీ దివానీ ప్రాంతానికే. నిజాము సొంత భూములైన సర్ఫేఖాస్ జోలికి గాని, అమీరుల జాగీర్ల జోలికి గాని ఆయన పోలేదు; స్వయంగా ఆయనయూ జాగీర్దారుడే. దర్బారును, అమీరులను ఒకేసారి ఎదిరించిన దివాను అట్టే కాలం నిలువడని ఎరిగిననేమి, తన వర్గంపై మమకారముననేమి, ఆ తలుపు తెరువలేదు. జాగీరు గ్రామపు రైతుకు జిలాబందీ వినికిడి మాత్రమే. కచేరీ భాష పారసీగానే ఉండిపోయినది. తెలుగు రైతు తన అర్జీని తాను చదువుకోలేడు. కొత్త శాఖలకై ఉత్తర హిందూస్థానం నుండి సమర్థులైన ఉద్యోగులను రప్పించినాడు. పని చక్కబడినది గాని, ముల్కీ, గైర్‌ముల్కీ అన్న పేచీకి విత్తనం అక్కడనే పడినది.

1869లో బాలుడైన మహబూబ్ అలీఖాను నిజాము కాగా, షంసుల్ ఉమ్రాతో కలిసి సాలార్‌జంగు రాజప్రతినిధి అయినాడు. అధికారం నిండుగా చేతికి వచ్చిన ఆ యేండ్లలో ఆయన శ్రద్ధలో పెద్ద పాలు బీరారుపై పోయినది. 1876లో ఇంగ్లండు వెళ్లినాడు. ఆక్స్‌ఫర్డు గౌరవ పట్టం లభించినది, బీరారు లభింపలేదు. పోయిన సీమ కొరకు చేసిన ఆ శ్రమలో సగమైనా ఉన్న సీమలోని జాగీర్లపై పెట్టియున్నచో అనిపింపక మానదు.

1883 ఫిబ్రవరి 8న కలరా సోకి మరణించినాడు. 1884 నుండి పారసీ స్థానాన్ని క్రమంగా ఉర్దూ ఆక్రమించినది. జాగీర్లు 1949 దాకా అట్లే నిలిచినవి.