మందను ఎరిగిన పెద్ద
బిషప్ అజరయ్యగారి జీవితము – సంఘ పెద్దలకు ఒక పాఠము

ఒక అధ్యక్ష మండలము తన నూరేళ్ళ చరిత్రను వ్రాసుకొనేటప్పుడు దేవాలయముల పునాదిరాళ్ళు, బిషప్పుల పేర్లు, మిషనరీ దొరల పటములు ముందు వరుసలో నిలుస్తాయి. అది న్యాయమే. కాని గుడిలో ప్రతి సాయంకాలము దీపము వెలిగించినవారు, రోగి మంచము ప్రక్కన కూర్చున్నవారు, అన్నదమ్ములు గొడ్డళ్ళు పట్టుకొన్న రాత్రి నడుమ నిలబడినవారు మరొక గుంపు ఉన్నారు. వారే సంఘ పెద్దలు. వారి పేర్లు రిజిస్టరులో అరుదుగా కనిపిస్తాయి. ఈ పెద్దల విలువను బాగా గుర్తించి, వారిని నమ్మి, వారిని దిద్ది, తెలుగు సంఘమును వారి భుజములమీద నిలిపిన దైవజనుడొకరు ఉన్నారు. ఆయనే డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. ఆయన జీవితమును పెద్దల పరిచర్య అనే కిటికీలోనుండి చూడవలెనని నా కోరిక.

అజరయ్యగారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళ దేశములోని తిరునెల్వేలి జిల్లా వెళ్ళాళన్‌విళై అనే చిన్న గ్రామములో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగంగారు ఆ గ్రామ సంఘ కాపరి. చాలా కాలము సంతానము లేక, ప్రార్థనాఫలముగా కలిగిన బిడ్డ గనుక శామ్యూల్ అనే పేరు పెట్టారు. ఊరి గుడి, ఊరి కాపరి, కాపరి గుమ్మములో కష్టసుఖములు చెప్పుకొనే జనము, ఇవే ఆ బాలుని మొదటి పాఠశాల.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన తరువాత 1895 నుండి వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడారు. ఆ దినములలో ఆయనను ఒక ప్రశ్న వెంటాడింది. విదేశీయులు సముద్రములు దాటి వచ్చి మనకు సువార్త చెప్పగా, మనము మన పొరుగు భాషవారికి చెప్పకుండుట ఎట్లు? దాని ఫలితముగా 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. ఆ సొసైటీ ఎన్నుకొన్న పొలము నైజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతము. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపించబడినప్పుడు కూడ ఆయన ముఖ్యులలో ఒకరు.

ఇతరులను పంపి తాను ఊరుకొనుట ఆయన మనస్సుకు ఒప్పలేదు. 1909లో దాదాపు ముప్పై ఐదేళ్ళ వయస్సులో మంచి హోదా గల ఉద్యోగము విడిచి, డీకనుగా అభిషేకము పొంది, డోర్నకల్ చేరుకొన్నారు. ఆ వయస్సులో అక్షరములు దిద్ది తెలుగు నేర్చుకొన్నారు. పల్లెపల్లెకు ఎద్దులబండిమీద తిరిగారు. మరుసటి సంవత్సరము ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడుతూ, పాశ్చాత్య మిషనరీలు చేసిన త్యాగములను కొనియాడుతూనే, వారినుండి భారతీయులకు ఇంకను కావలసినది సమానమైన స్నేహమని ధైర్యముగా చెప్పారు. సభలో కొందరికి అది రుచించలేదు. అయినను పైవాడు క్రిందివానికి దయ చూపుట వేరు, సహోదరుడు సహోదరునితో భారము పంచుకొనుట వేరు అన్న సంగతి ఆ దినమున తేటపడింది. తరువాత ఆయన పల్లె పెద్దలతో వ్యవహరించినది కూడ ఈ సూత్రము ప్రకారమే.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రలులో ఆయన బిషప్పుగా ప్రతిష్ఠించబడ్డారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్‌గారు పట్టుబట్టి ఆయనను నిలిపారు. ఒక భారతీయుని క్రింద తెల్లవారు పని చేయుటయా అని అడ్డు చెప్పినవారు ఉన్నారు. భారతీయులలో కూడ సందేహించినవారు ఉన్నారు. ఆయన ఎవరితోను వాదులాడక పనితోనే జవాబు చెప్పారు. మొదట చిన్నదిగా ఉన్న ఆ అధ్యక్ష మండలములో 1920 దశకములో కృష్ణా, గోదావరి ప్రాంతముల సి.ఎం.ఎస్. సంఘములు, మన రాయలసీమలో నంద్యాల చుట్టుపట్ల ఉన్న ఎస్.పి.జి. సంఘములు చేరాయి. 1941 నాటికి విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

ప్రియ పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచించండి. రెండు లక్షల విశ్వాసులు! వారిలో చాలామంది మాలపల్లెలలో, మాదిగవాడలలో నివసించిన నిరుపేద కూలీలు, అక్షరము రానివారు. ఒక్క బిషప్పు గాని, కొద్దిమంది గురువులు గాని ఇంత మందను ఎట్లు కాయగలరు? ప్రభురాత్రి భోజనమునకు గురువు కొన్ని వారములకొకసారి ఊరికి వస్తారు. మిగిలిన దినములలో సంఘమునకు దిక్కెవరు?

పల్లెలలో పెద్ద అనే మాట క్రొత్తది కాదు. కుల పెద్ద ఉండేవాడు. పంచాయితీ అతనిదే, తగవు తీర్చేది అతడే, జరిమానా వేసేది అతడే. కొన్ని చోట్ల ఆ జరిమానా డబ్బు కల్లుకుండలోనే ముగిసేది. కాని ఆ పెద్ద మాటకే వాడంతా కదిలేది. 1859లో కృష్ణా జిల్లా రాఘవాపురములో పగోలు వెంకయ్యగారు ప్రభువును నమ్ముకొన్నప్పుడు ఆయన వెంట ఆయన జనము కూడ వచ్చారు. తెలుగు దేశములో గుంపులు గుంపులుగా జనము సంఘములో చేరుటకు అట్టి పెద్దలే వాకిళ్ళు.

వాకిలి తెరచుట ఒక పని, ఇంటిని కాపాడుట మరొక పని. అజరయ్యగారు ఈ భేదమును బాగా ఎరిగినవారు. కుల పెద్దను సంఘ పెద్దగా మార్చుటకు చొక్కా మార్చితే చాలదు, హృదయము మారవలెనని ఆయన పట్టు. అందుకు ఆయన ముఖ్యముగా మూడు మార్గములు త్రొక్కారు.

మొదటిది ఉపదేశము. బాప్తిస్మమునకు ముందు తగినంత కాలము బోధ జరగవలెనని, ఆ తరువాత కన్ఫర్మేషనుకు మరల బోధ జరగవలెనని నియమించారు. చదువురానివారికి కథలుగా, పాటలుగా, కంఠస్థ పాఠములుగా సత్యమును నేర్పించారు. బాప్తిస్మము పొందినవారు తమ తలమీద చేయి పెట్టుకొని, సువార్త చెప్పుట తమ బాధ్యతయని ఒప్పుకొనే ఆచారమును ప్రవేశపెట్టారు. అనగా సాక్ష్యము గురువుగారి జీతపు పని కాదు, ప్రతి విశ్వాసి పని. గ్రామ ఉపాధ్యాయులకు డోర్నకల్‌లో తర్ఫీదు ఇచ్చినప్పుడు వారి భార్యలకు కూడ పాఠములు ఏర్పాటు చేశారు. అన్బు మరియమ్మాళ్‌గారు స్త్రీల మధ్య ఎంతో శ్రమపడ్డారు. ఇంటిలోపలి మందను ఎరిగినది తల్లియే గదా.

రెండవది క్రమశిక్షణ. త్రాగుడు, బాల్య వివాహము, విగ్రహముల జాతరలు, కుల భేదము, వీటి విషయములో ఆయన కఠినులు. మాల సంఘము, మాదిగ సంఘము అని విడివిడిగా కూర్చొనుటను ఆయన సహించలేదు. ప్రభువు బల్ల ఒక్కటే గనుక దానిచుట్టు చేరేవారు కూడ ఒక్కటే అని బోధించారు. తప్పు చేసినవారిని బల్లకు దూరముగా ఉంచుట కూడ జరిగేది. కాని ఆ శిక్ష వెళ్ళగొట్టుటకు కాదు, తిరిగి తెచ్చుటకు. దూరముగా ఉంచబడినవాని గుమ్మము త్రొక్కవలసినవాడు పెద్దయే.

మూడవది ఇచ్చుట. పేదవారు గనుక వారినుండి ఏమి అడుగగలము అని చాలామంది అనుకొనేవారు. అజరయ్యగారు దీనికి ఒప్పుకొనలేదు. పుచ్చుకొనే సంఘము పిల్లవాని వంటిది, ఇచ్చే సంఘమే ఎదుగుతుంది అని ఆయన నమ్మకము. క్రైస్తవ దాతృత్వమును గూర్చి ఆయన ఇంగ్లీషులో వ్రాసిన గ్రంథము అనేక దేశములలో చదువబడింది. పేదల కానుకకు లెక్క చెప్పవలసినవారు పెద్దలు. కాబట్టి పెద్ద చేయి శుభ్రముగా ఉండవలెను.

దీని ఫలితమును పొరుగువారే చూచారు. నిన్నటివరకు త్రాగి కొట్లాడిన వాడలో సాయంకాల ప్రార్థన, శుభ్రత, పిల్లల చదువు కనబడుట చూచి, 1930 దశకములో అనేక గ్రామములలో సవర్ణ కుటుంబములు కూడ ప్రభువును వెదకుచు వచ్చాయి. వారిని ఆకర్షించినది గొప్ప ప్రసంగము కాదు, మారిన జీవితము.

ఆయన మరొక పనిని కూడ మరువరాదు. 1919 మే నెలలో తరంగంబాడిలో కొద్దిమంది సంఘ నాయకులు సమావేశమయ్యారు. వారిలో ఇద్దరు తప్ప అందరు భారతీయులే. వేరువేరు మిషనులు పెట్టిపోయిన గోడలు మనకెందుకు అన్నదే వారి ప్రశ్న. ఆ కూటమును నడిపించినవారిలో అజరయ్యగారు ముఖ్యులు. కడప, గుత్తి, అనంతపురము ప్రాంతములలో లండన్ మిషను నాటిన మన సంఘములు 1908 నుండి దక్షిణ హిందూ ఐక్య సంఘములో ఉన్నాయి. వాటిలో స్థానిక సంఘమునకు, దాని పెద్దలకు ఎక్కువ అధికారముండేది. ఆంగ్లికన్ సంఘములో బిషప్పుకు అధికారము ఎక్కువ. ఈ రెండును ఎట్లు కలుస్తాయి? దాదాపు ఇరువది ఎనిమిది సంవత్సరములు చర్చలు సాగాయి. చివరకు బిషప్పు, సభలు, స్థానిక సంఘము, ఈ మూడింటికి చోటు దొరికింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది. అందులో అభిషేకము పొందిన గురువును ప్రెస్బిటర్ అంటారు. ఆ గ్రీకు మాటకు అర్థము పెద్ద అనియే. గురువు కూడ పెద్దలలో ఒక పెద్ద, అంతే.

ఆ దినమును అజరయ్యగారు చూడలేదు. దాదాపు పాతికేళ్ళు కట్టించిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రలును మాత్రము చూచారు. మినార్లు, గుమ్మటములు, మన దేవాలయములను పోలిన స్తంభములు కలిసిన ఆ కట్టడము 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడింది. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. పరాయి భాషవాడై వచ్చి తెలుగు మట్టిలోనే కలిసిపోయారు.

ఇప్పుడు మన సంగతి. నల్లమాడ వంటి మెట్ట సీమలో కాపరి పని ఎట్లుంటుందో తోటి గురువులకు తెలుసు. వాన పడితే వేరుశనగ, పడకపోతే బెంగుళూరు. ఇంటికి తాళము వేసి కుటుంబములు కూలికి వెళ్ళిపోతాయి. ముసలివారు మిగిలిపోతారు. గురువుకు ఒక ఊరు కాదు, అనేక గ్రామములు.

నా పరిచర్య తొలి సంవత్సరములలో ఒక సంఘములో ఒక వృద్ధురాలు మూడు వారములు మంచము పట్టింది. కొడుకు, కోడలు కూలికి వెళ్ళారు. ఆ సంఘమునకు ఐదుగురు పెద్దలు. సమాధి కార్యక్రమమునకు మాత్రమే నాకు కబురు వచ్చింది. అదే నెల కమిటీ మీటింగులో కోత పండుగ వేలంపాట డబ్బు ఎవరి దగ్గర ఉండవలెనో రెండు గంటలు వాదించుకొన్నాము. ఆ వృద్ధురాలి పేరు ఒక్కసారి కూడ ఎత్తలేదు. ఇంటికి నడిచి వస్తుంటే నా తప్పు నాకు తెలిసింది. డబ్బు లెక్కలు పెద్దలకు నేర్పిన నేను, మంద లెక్క నేర్పలేదు. నేనును అడుగలేదు.

యాకోబు తన పత్రికలో రోగి సంఘపు పెద్దలను పిలిపించుకొనవలెనని చెప్పాడు. పిలిచేవారు లేని ఇంటికి పెద్దలే వెళ్ళవలెను. పౌలు మిలేతులో ఎఫెసు పెద్దలతో కన్నీటితో మాట్లాడినది మందను కాచుట గూర్చియే గాని, మందలో స్థానము గూర్చి కాదు. పేతురు తన్ను తాను తోటి పెద్దగా పిలుచుకొన్నాడు.

అజరయ్యగారి జీవితమునుండి నేను నేర్చుకొన్నది ఇది. పెద్దరికము ముందు వరుస కుర్చీ కాదు, ఆదివారము ఖాళీగా ఉన్న చోటు ఎవరిదో ఎరుగుట. ఇప్పుడు మా సంఘములలో నెలకొకసారి పెద్దలు కూడినప్పుడు డబ్బు లెక్కకు ముందు మూడు సంగతులు చెప్పుకొంటాము. ఎవరు రాలేదు, ఎవరు రోగముతో ఉన్నారు, ఎవరు ఎవరితో మాట్లాడుట లేదు. ఒక్కొక్క పెద్దకు కొన్ని ఇండ్లు అప్పగించాము. వలస వెళ్ళినవారి ఫోను నంబర్లు ఒక పెద్దమ్మ వద్ద ఉంటాయి. పండుగకు ముందు ఆమెయే అందరికి ఫోను చేస్తుంది. ఇది గొప్ప పథకమేమీ కాదు. కాని ఇప్పుడు కబురు సమాధికి ముందే వస్తున్నది.

ఈ నూరేళ్ళ పండుగలో మనము జ్ఞాపకము చేసికొనే పేర్లవెనుక, పేరు లేని పెద్దలు వేలమంది ఉన్నారు. వారిని బట్టి దేవునికి స్తోత్రము. రాబోవు నూరేళ్ళకు అట్టి పెద్దలను, పెద్దమ్మలను మన ప్రతి పల్లెలో ప్రధాన కాపరియైన ప్రభువు లేపును గాక. ఆమేన్.