శ్రీ అల్లూరి సీతారామరాజుగారు - మన్యవాసుల నివాసరక్షణము

మన క్షత్రియ మహాసభలలో శ్రీ అల్లూరి సీతారామరాజుగారి నామస్మరణము జరుగని సంవత్సరము లేదు. వారి కాషాయవస్త్రములు, ధనుర్బాణములు, ఠాణాలపై దాడులు మన బాలురకు సైతము కంఠస్థములు. అయినను, ఎవరి గూడు నిలుపుటకై వారు తమ గూడు విడిచిరో విచారించువారు తక్కువ. ఆ విషయమునే యీ స్వల్పవ్యాసమున విన్నవింప దలచితిని.

రాజుగారు 1897 వ సంవత్సరము జూలై 4 వ తేదీన మాతామహుల గ్రామమగు పాండ్రంగిలో జన్మించిరి. స్వస్థలము భీమవరము చెంతనున్న మోగల్లు. తండ్రి వెంకటరామరాజుగారు ఛాయాచిత్రములు తీయు వృత్తిలో రాజమహేంద్రవరమున నుండి 1908 లో కాలధర్మము నొందిరి. నాటినుండి ఆ కుటుంబమునకు స్థిరనివాసము లేకపోయెను. పినతండ్రి రామకృష్ణంరాజుగారు ఆదరించిరి గాని, బాలుడు ఊరూర బంధువుల యండను, పలు పాఠశాలలలో చదువవలసి వచ్చెను. ఆ చదువును పూర్తి కాలేదు. చిరకాలము ఉపాధ్యాయవృత్తిలో నున్న నాకు, ఇట్టి బాలురను గూర్చి బడి రిజిస్టరు తెలుపునది యెంత స్వల్పమో తెలియును.

పిదప ఉత్తరదేశ తీర్థములను సేవించి, 1917 లో వారు మన్యపు ముఖద్వారమగు కృష్ణదేవిపేట చేరిరి. అచ్చట బంధుత్వ మేమియు లేని చిటికెల భాస్కరుడును, ఆతని తల్లి సోమమ్మయు వారికి ఆశ్రయ మిచ్చిరి. తరువాత గ్రామస్థులు రెండిండ్లు కట్టి యిచ్చిరి. వానికి శ్రీరామవిజయనగర మని పేరు. పదునొకండేండ్ల ప్రాయమున తండ్రిని గోల్పోయి పరుల పంచన పెరిగిన వారికి నిలువ నీడ చూపినది ఆ గ్రామము. మన కులప్రతిష్ఠను వర్ణించువేళ ఈ మాటను విడిచిపెట్టుట న్యాయము కాదు.

ఆ కాలమున గూడెము కొండలలోని వారి స్థితి యెట్టిది? ఏటవాలు నేలపై చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో చిరుధాన్యములు చల్లి, రెండు మూడు పంటల పిదప ఆ నేలను అడవికి వదలి మరియొకచోటికి పోవుట పోడు వ్యవసాయము. 1882 నాటి మద్రాసు అటవీ చట్టమువలన తాతతండ్రులు పోడు కొట్టిన కొండలు ప్రభుత్వపు అడవు లయ్యెను. అందు ప్రవేశించుట నేరమయ్యెను. మైదానపు వర్తకుల యప్పు మరియొక ప్రక్క. విచిత్ర మేమనగా, రాజుగారు కృష్ణదేవిపేట చేరిన 1917 లోనే, కొండవారి భూమి అన్యుల చేతికి అనుమతి లేక పోరాదని ఏజెన్సీ భూబదలాయింపు చట్ట మొకటి వచ్చెను. అది వర్తకుని చేతికి కొంత అడ్డు. అడవిని తీసికొనినది ప్రభుత్వమే గనుక ఆ వంకను చట్ట మేమియు చేయజాలదు. పోడు పోయిన పిదప గుడిసె మిగిలియు ప్రయోజనము లేదు, పల్లె కదలిపోవలసినదే.

రాజుగారి తొలి సాయము ఆయుధములతో గాదు. వైద్యము చేసిరి, కల్లుసారాయములు మాన్పించిరి, కోర్టుల కెక్కక పంచాయతీలలోనే తగవులు తీర్చుకొనుడని బోధించిరి. ఇంతలో నర్సీపట్నము నుండి చింతపల్లికి పోవు రోడ్డుపనిలో గూడెము తహసీలుదారు బాస్టియను కొండవారిచే వెట్టి చేయించుచుండెను. గ్రామ మునసబుగా నుండిన గాము గంటందొర అధికారుల ఆగ్రహమునకు గురియై ఉద్యోగమును, భూమిని గోల్పోయెను. ఆతడును, తమ్ముడు మల్లుదొరయు రాజుగారి ననుసరించిరి.

ప్రభుత్వము రాజుగారిని శంకించి నిఘా నుంచెను. పోలవరము డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లాఖాను వారియెడ సదయుడై పైడిపుట్టలో భూమి నిప్పించెను. నా దృష్టిలో వారి జీవితమున పరీక్షాఘట్ట మిదియే. అన్యుల నేలను హరించుచున్న ప్రభుత్వమే వారికి నేల నిచ్చినది. తల్లి సూర్యనారాయణమ్మగారితో సుఖముగా నుండవచ్చును. వారు దానిని విడిచి కొండలకు మరలిరి.

తరువాతి కథ లోకవిదితము. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు వారి వశమయ్యెను. సెప్టెంబరు 24 న దామనపల్లి కనుమలో ఇద్దరు ఆంగ్లాధికారులు హతులైరి. అస్సాము రైఫిల్సు దళము రప్పింపబడెను. 1924 మే 7 న రాజుగారు మంప యొద్ద పట్టుబడి కొయ్యూరులో కాల్చి చంపబడిరి. వారి సమాధి, ఇల్లు కట్టి యిచ్చిన ఆ కృష్ణదేవిపేటలోనే కలదు. గంటందొర ఆ జూనులోనే మరణించెను. మల్లుదొర చెరసాల ననుభవించి, 1952 లో విశాఖపట్టణము నుండి లోకసభకు ఎన్నికయ్యెను.

చట్టము నడచి వచ్చుటకు చాల కాలము పట్టెను. 1959 నాటి నిబంధనమును 1970 లో సవరించి, ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు ఏ విధమునను చెందరాదని కట్టుదిట్టము చేసిరి. జనులు దీనిని వన్ ఆఫ్ సెవెంటీ యందురు. అరకు చేరువను, అనంతగిరి మండలములోని బొర్రా ప్రాంతపు గనుల కౌళ్లపై సమత యను సంస్థ తెచ్చిన వ్యాజ్యమున, 1997 లో సుప్రీముకోర్టు ఈ నిషేధము ప్రభుత్వమునకును వర్తించునని తీర్పు చెప్పెను. 1917 నాటి చట్టము వదలిన వంక ఇదియే గదా! 2006 నాటి అటవీహక్కుల చట్టము పోడుదారునకు గ్రామసభ ద్వారా హక్కు కోరు మార్గ మిచ్చెను.

ఈ నిషేధము గిరిజనేతరులమగు మనకును వర్తించును. దానివలన నష్టపోతిమని గొణుగు మాటలు మన సభలలోనే నేను వినియున్నాను. ఆ గొణుగుడు రాజుగారి చిత్రపటము క్రింద కూర్చుండి చేయదగినది కాదు. నేల గోల్పోయిన కొండవాడు దాని పునరుద్ధరణకు గిరిజన సంక్షేమపు స్పెషల్ డిప్యూటీ కలెక్టరుకు అర్జీ పెట్టుకొనవచ్చును. 1987 నాటి చట్టము ననుసరించి షెడ్యూల్డు తెగలవారికి న్యాయవాది సాయము ఉచితము. 2022 లో రాజుగారి పేర నేర్పడిన జిల్లాకు ముఖ్యపట్టణ మగు పాడేరులోనే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థయు కలదు. అర్జీ వ్రాయనేరని వానితో అచ్చటివరకు పోవుటకు మన యువకులు కొందరు సెలవుదినములు వెచ్చింపగలిగిన, దారిఖర్చులు భరించు దాతలు మన సంఘమున లేకపోలేదు.